బొమ్మ బాగుండాలని తీసేయమన్న పొర

నేను మెష్‌లు చేస్తానని చెబితే నాందేడ్‌లో చాలామంది దోమతెరలు అమ్ముతాననుకునేవారు. మా ఆడబిడ్డ ఒకసారి కిటికీల కొలతలు పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చింది. అవి కావు, కంప్యూటర్లో చేసే మెష్‌లు అని చెప్పాను.

"గట్లనా వదినె? కంప్యూటర్లకు గుడ దోమలు కుడ్తయా?" అంది.

ఆమెను తప్పు పట్టను. పాతికేళ్లకు పైగా నాకు జీతమిచ్చిన కంపెనీ యజమానికి కూడా నా పని గురించి అంతకంటే ఎక్కువ తెలియదు. తేడా ఒక్కటే. ఆడబిడ్డ అడిగి తెలుసుకుంది. ఆయన అడగలేదు.

ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి మేడం అని అడుగుతుంటారు. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే, బటన్లు మాత్రం వేరే చోట ఉంటాయి. మనుషుల సంగతి అలా కాదు. అది ఎవరూ నేర్పరు కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను.

పని అంటే ఇంతే

ఒక గోదాము కడితే దాని బరువుకు కింద నేల ఎంత కుంగుతుంది? ఈ లెక్క కంప్యూటర్ చేత వేయించాలంటే ఆ గోదామునూ దాని కింది నేలనూ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఇవ్వాలి. ఆ ముక్కల అల్లికే మెష్. ఒక్కో ముక్కకు విడిగా లెక్క వేసి అన్నిటినీ కలిపి కంప్యూటర్ జవాబు చెబుతుంది.

నేల విషయంలో మేము ఎక్కువగా చేసేది పొరల మెష్. ముందు పైనుంచి చూసినట్టు స్థలం నక్షా గీసి, దాన్ని గళ్లుగా విడగొడతాం. తర్వాత ఆ గళ్లను కిందికి లాగుతాం. మురుకుల గొట్టంలో బిళ్లకు ఉన్న రంధ్రం ఏ ఆకారంలో ఉంటే పిండి అదే ఆకారంలో కిందికి దిగుతుంది కదా, అలాగే. దీన్నే ఎక్స్‌ట్రూడ్ చేయడం అంటారు. అలా లాగేటప్పుడు ఏ లోతు దాకా నల్లరేగడి, ఏ లోతు దాకా గట్టి గరుసు మొరం, ఎక్కడినుంచి రాయి అన్నది చెప్పాలి. ఒక్కో పొరను అడ్డంగా ఎన్ని వరుసలుగా కోయాలో కూడా చెప్పాలి. అంతే, ఒక బటన్ నొక్కితే నేలంతా పొరలు పొరలుగా తెర మీదికి వచ్చేస్తుంది.

వినడానికి సులువు. చేయడానికీ సులువే. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మీరు ఏ పొర మందం చెబితే అది వేస్తుంది. లేని పొర ఉందంటే వేస్తుంది, ఉన్న పొర చెప్పకపోతే ఊరుకుంటుంది. మా ఆఫీసులో నాకు తెలిసి అంత వినయంగా ఉద్యోగం చేసింది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. పాఠక్ సాహెబ్‌కు అదంటే అందుకే అంత ఇష్టం.

పాఠక్ సాహెబ్

పాఠక్ సాహెబ్ మా యజమాని. నాందేడ్‌లోనే వజీరాబాద్ అనే పేటలో ఒక బట్టల దుకాణం పైన మా ఆఫీసు ఉండేది. కాలువలు, వంతెనలు, నీళ్ల ట్యాంకులు, గోదాములు, ఎవరు ఏది కట్టినా దాని లెక్కలు మేము వేసి ఇచ్చేవాళ్లం. సాహెబ్ మంచి మాటకారి. గుమ్మంలోకి వచ్చినవాడు టీ తాగకుండా, పని అప్పగించకుండా వెనక్కి వెళ్లేవాడు కాదు. నన్ను తాయి అని పిలిచేవారు. మరాఠీలో అక్క అని అర్థం. అంత గౌరవంగా పిలిచి ఆ తర్వాత ఏం చెప్పినా చేస్తామని ఆయన నమ్మకం.

ఆయనకు మెష్ గురించి రెండే ప్రశ్నలు. ఎన్ని లక్షల ముక్కలు? ఏ రంగు?

ముక్కలు ఎంత ఎక్కువైతే అంత గొప్ప లెక్క అని ఆయన లెక్క. అందుకని మా ఆఫీసులో వేసే మెష్‌లలో నేల అడుగున ఉండే నల్లరాయిని సన్నటి వరుసలుగా కోయించేవారు. ఆ రాయి కదలదు, మెదలదు. మన గోదాములు కాదు కదా, మన జిల్లా మొత్తం ఎత్తి పెట్టినా అది పట్టించుకోదు. దాన్ని వరుసలు వరుసలుగా కోసి, పైనుండే మెత్తని మన్నును మాత్రం ఒకే ఒక్క వరుసతో వదిలేసేవాళ్లు. కుంగేది ఆ మన్నే. ఏమీ జరగని చోట ముక్కలన్నీ, అంతా జరిగే చోట ఒకే ముక్క. అయినా మొత్తం సంఖ్య చూస్తే కళ్లు తిరిగేవి, కాబట్టి వచ్చినవాళ్లు సంతోషంగా టీ తాగి వెళ్లేవారు.

ఒకసారి ఒక కాలువ మీది స్లాబు పని వచ్చింది. ఎవరో తొందరలో స్లాబు మందం మొత్తానికి ఒకే వరుస వేసి, పైన గళ్లు కూడా పెద్దవిగా పెట్టి లెక్క వేశారు. అలాంటి ముక్కలకు వంగడం సరిగా రాదు. లెక్కలో స్లాబు ఉండాల్సిన దానికంటే బిర్రుగా ఉన్నట్టు కనిపించింది. పాఠక్ సాహెబ్ మురిసిపోయారు. ఇంత గట్టిగా ఉంటే మందం తగ్గించవచ్చు కదా అన్నారు. నేను మందాన్ని కొన్ని వరుసలుగా కోసి, పైన గళ్లు చిన్నవి చేసి మళ్లీ లెక్క వేయించాను. ఈసారి స్లాబు నిజానికి వంగాల్సినంత వంగింది.

సాహెబ్ తెర వైపు చాలాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"తాయీ, నిన్నటిదాకా స్లాబు గట్టిగానే ఉంది కదా. ఏం చేశారు మీరు దాన్ని?"

స్లాబు ఇంకా కట్టలేదని, నేను దాన్ని ముట్టుకోలేదని నచ్చజెప్పడానికి మధ్యాహ్నం గడిచిపోయింది. చివరికి మందం తగ్గించలేదు. కానీ అప్పటినుంచి ఆయనకు నా మీద ఒక అనుమానం ఉండిపోయింది. నేను చెయ్యి పెడితే కట్టడాలు బలహీనపడతాయని.

ముఖేడ్ గోదాము

ఇక అసలు సంగతికి వస్తాను. ముఖేడ్ దగ్గర రైతులు కలిసి సంఘం పెట్టుకున్నారు. సోయాబీన్, కంది, శనగ నిలవ చేసుకోవడానికి పెద్ద గోదాము కట్టుకోవాలనుకున్నారు. ధర పడిపోయినప్పుడు అడ్డికి పావుసేరు అమ్ముకోకుండా కొన్నాళ్లు ఆపుకుందామని వాళ్ల ఆలోచన. ఆ సంఘానికి అధ్యక్షుడు నాగోరావు పాటిల్. పేరు చూసి మరాఠీవాడనుకుంటారు. ఇంట్లో మాత్రం తెలుగే. మాది సరిహద్దు ఊరు మర్ఖేల్ అని, నేనూ తెలుగుదాన్నేనని తెలిసిన మొదటి రోజే ఆయన నన్ను బిడ్డా అన్నాడు, నేను కాకా అన్నాను. అప్పటినుంచి పాఠక్ సాహెబ్‌తో మరాఠీలో అరగంట మాట్లాడి, నాతో తెలుగులో ఒక్క మాట అడిగి వెళ్లేవాడు. ఆ ఒక్క మాట ఎప్పుడూ ఒకటే.

"మన్ను మంచిగనే ఉన్నదా బిడ్డా?"

మన్ను మంచిగా లేదు. గోదాముకు స్థలం ఇచ్చిన దాత ఏ పంటా పండని ముక్కే చూసి ఇచ్చాడు, దాతలు సాధారణంగా అలాగే ఇస్తారు. ఒకప్పుడు ఆ పక్కనుంచి ఒక ఒర్రె పారేది. తర్వాత అది జరిగిపోయింది, కానీ తెచ్చిన ఒండ్రును అక్కడే వదిలి వెళ్లింది. ఈశాన్యం మూలలో బోరు వేసి తీసిన మట్టి నమూనాలు పెట్టెలో మా ఆఫీసుకు వచ్చాయి. నల్లరేగడికీ మొరానికీ మధ్య బూడిదరంగు బంకమట్టి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మిగతా మూడు మూలల నమూనాలలో అది లేదు. అంటే ఈశాన్యంలో మందంగా మొదలై, మధ్యకు వచ్చేసరికి పలచబడి, చివరికి లేకుండా పోతుందన్నమాట. బీరకాయలా ఒకవైపు లావు, ఒకవైపు సన్నం.

పొరల మెష్‌కు ఇలాంటి పొర అంటే పడదు. కిందికి లాగేటప్పుడు ప్రతి పొరా ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉండాలంటుంది. మధ్యలో అయిపోయే పొరను ఇస్తే, అది అయిపోయే చోట ముక్కలు నలిగి నలిగి బ్లేడుల్లా తయారవుతాయి. అలాంటి వంకర ముక్కలను సాఫ్ట్‌వేర్ ఎర్రరంగులో చూపిస్తుంది. మంచి ముక్కలు ఆకుపచ్చ. నా మొదటి మెష్‌లో గోదాము నడుమ ఎర్రటి చార వచ్చింది.

పాఠక్ సాహెబ్ దాన్ని చూడగానే, "హే కాయ్?" అన్నారు. ఇదేమిటని.

పొర పలచబడి ముగిసే చోటు అని చెప్పాను. అది మెష్ లోపమే, నాకు తెలుసు, సరిచేయడానికి దారి ఉంది అన్నాను. ఆ బంకమట్టి ఎక్కడ ముగుస్తుందో నక్షాలో అక్కడ ఒక గీత గీసి, స్థలాన్ని రెండు భాగాలు చేయాలి. ఒక భాగాన్ని బంకమట్టితో కలిపి కిందికి లాగాలి, ఇంకో భాగాన్ని అది లేకుండా లాగాలి. రెండూ కలిసే చోట ముక్కల మూలలు ఒకదానితో ఒకటి సరిగ్గా అతకాలి. కొంచెం సమయం పడుతుంది.

"సమయం లేదు తాయీ. మంత్రిగారు భూమిపూజకు వస్తున్నారు. మధ్యలో అయిపోయేదే కదా ఆ పొర? తీసేయండి. మొరంలో కలిపేయండి. సగటు తీసుకుందాం."

సగటు అన్న మాటకు మా రంగంలో ఉన్నంత మర్యాద ఇంకెక్కడా ఉండదు. ఒక కాలు నిప్పుల్లో, ఒక కాలు మంచులో పెట్టినవాడు సగటున హాయిగా ఉన్నాడని చెప్పడానికి ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి. నేను కాదన్నాను. ఆయన పక్క బల్ల కుర్రవాడిని పిలిచి పొర తీయించారు. ఎర్రచార పోయింది. నేలంతా పచ్చిక బయల్లా ఆకుపచ్చగా వచ్చింది. గోదాము నాలుగు మూలలా సమానంగా, చాలా పద్ధతిగా కుంగింది. అంత పద్ధతిగా కుంగే నేల ఈ జిల్లాలో నేనెప్పుడూ చూడలేదు.

ఆ రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేదు. పాఠక్ సాహెబ్ కోప్పడలేదు. నవ్వి, తానే సంతకం పెట్టేశారు. కోప్పడి ఉంటే కనీసం ఆలోచించారని అనుకునేదాన్ని.

రెండు భాషల మీటింగు

సంఘం వాళ్లకు చూపించే రోజు వచ్చింది. నాగోరావు కాకతో పాటు ఇంకో ఇద్దరు సభ్యులు వచ్చి కూర్చున్నారు. ఆ ఇద్దరిదీ నాయ్‌గావ్ వైపు, మరాఠీ తప్ప రాదు. గోడ మీద పెద్ద బొమ్మ పడింది. పాఠక్ సాహెబ్ కర్ర పట్టుకుని ముక్కలు ఎన్ని లక్షలో చెప్పారు. సభ్యులు ఒకరి మొఖం ఒకరు చూసుకుని తలలూపారు. మెష్ నడపడం నా పని కాబట్టి నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన చెప్పినప్పుడల్లా బొమ్మ తిప్పుతున్నాను.

నాగోరావు కాక బొమ్మను చూడలేదు. నన్ను చూశాడు. నేను అన్నం తినని దానిలా ఉన్నానేమో.

"ఏంది బిడ్డా, గట్ల కూసున్నవు? మన్ను మంచిగనే ఉన్నదా?" అన్నాడు తెలుగులో.

పాఠక్ సాహెబ్‌కు తెలుగు రాదు. ఆయన కర్ర గాలిలో ఆపి చిరునవ్వుతో నావైపు చూశారు. అప్పుడు నాకు రెండు దారులు. మరాఠీలో అబద్ధం చెప్పడం ఒకటి, తెలుగులో నిజం చెప్పడం ఇంకొకటి. నేను రెండూ చేశాను.

"మంచిగ లేదు కాకా. ఈశాన్యం మూలకు కింద బంకమట్టి ఉన్నది. గా మూల ఒక్కటే దిగుతది. గీ బొమ్మల అది లేదు. తీసేసిండ్రు."

"ఎందుకు తీసేసిండ్రు?"

"ఉంటే బొమ్మల ఎర్రరంగు అత్తున్నది."

"కాయ్ మ్హణతాత్ తే?" అని అడిగారు సాహెబ్. ఏమంటున్నారాయన అని.

"రంగులు బాగున్నాయంటున్నారు," అన్నాను మరాఠీలో.

సాహెబ్ సంతోషించారు. నాగోరావు కాక కండువా తీసి మూతి తుడుచుకున్నాడు. మళ్లీ తెలుగులోనే అడిగాడు, గొంతు పెంచకుండా.

"దిగితే ఏమైతది?"

"గోడ పగుల్తది. నేల వంగుతది. గా మూలకు పెట్టిన బస్తాలకు వానకాలం నీళ్లు అత్తయి. పై కప్పు ఇనుము గుడ గుంజుకపోతది."

"మల్ల మీ సాహెబ్‌కు తెల్వదా?"

"తెలుసు. గని మంత్రి అత్తుండు గద."

ఆయన కండువా మళ్లీ భుజాన వేసుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, పాఠక్ సాహెబ్ వైపు తిరిగి మరాఠీలో చాలా మర్యాదగా అన్నాడు.

"సాహెబ్, మలా లాల్ రంగ్ పాహిజే."

నాకు ఎర్రరంగు కావాలని. ఎర్రరంగు అంటే లోపమని, అది రాకుండా తాము చాలా కష్టపడ్డామని సాహెబ్ వివరించారు. కాక వినలేదు.

"ఈశాన్యం మూలలో నాకు ఎర్రరంగు కనిపించాలి. మా వాస్తు అలా ఉంది," అన్నాడు.

నాయ్‌గావ్ సభ్యులు వెంటనే తలలూపారు. వాస్తు అన్న మాటకు ఎవరూ లెక్కలు అడగరు. పాఠక్ సాహెబ్ కర్ర బల్ల మీద పెట్టేశారు. లక్షల ముక్కలు చేయలేని పని ఒక్క మాట చేసింది. పిల్లలూ, మీరు సైన్సుకు సైన్సుతోనే బలం వస్తుందనుకుంటే కొన్నేళ్లు ఆగండి.

ఆ తర్వాత నాకు సమయం ఇచ్చారు. నక్షాలో గీత గీశాను. రెండు భాగాలను వేరువేరుగా కిందికి లాగాను. బంకమట్టి పొర గీత దగ్గరకు వచ్చేసరికి దాని ముక్కలు మేకుల మొనల్లా సన్నబడి ముగిసేటట్టు, వాటి మూలలు పక్క భాగం మూలలతో అతికేటట్టు చేశాను. బంకమట్టిని చాలా వరుసలుగా కోశాను. రాయిని రెండు మూడు వరుసలతో వదిలేశాను, దాని నిద్ర చెడగొట్టడం ఎందుకని. ముక్కల సంఖ్య బాగా తగ్గింది. సాహెబ్ మొఖం చిన్నబోయింది. కానీ ఈసారి జవాబు నేల మాట్లాడినట్టు వచ్చింది. ఈశాన్యం మూల మిగతా మూడింటికంటే బాగా ఎక్కువగా దిగింది. గోడ ఎక్కడ పగులుతుందో కూడా చూపించింది.

ఒకటే ఉపాయం. ఆ మూలలో బంకమట్టి మొత్తం తవ్వి బయట పారేసి, మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. ఆ తర్వాతే పునాది.

మంత్రిగారి కొబ్బరికాయ

భూమిపూజకు ఈశాన్యం మూలే కావాలి. సరిగ్గా అక్కడే తవ్వకం. నాగోరావు కాక భూమిపూజ వాయిదా వేయించాలని చూశాడు. మంత్రిగారి తేదీ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో అని సభ్యులు ఒప్పుకోలేదు. పోనీ పూజ అయ్యాక తవ్వుదామంటే, పూజ చేసిన ఇటుకలు తీసి పక్కన పెట్టి కింద తవ్వడం అపశకునం అన్నారు. చివరికి తవ్వకం ముందే మొదలైంది. అంతలో వాన పడింది. మంత్రిగారు వచ్చే రోజుకు ఆ మూలలో పెద్ద గుంత, గుంతలో నీళ్లు, నీళ్లలో నాలుగు కప్పలు. షామియానా మాత్రం కొత్తది.

నేనూ వెళ్లాను. పాఠక్ సాహెబ్ ముందు వరసలో ఉన్నారు. మంత్రిగారు కారు దిగి, దండలు వేయించుకుని, గుంత అంచుకు వచ్చి లోపలికి తొంగి చూశారు.

"పాటిల్, గోదామ్ ఆహే కా విహీర్?" అన్నారు. ఇది గోదామా, నీళ్ల బావా అని.

అందరూ నవ్వారు. మంత్రి జోక్ వేస్తే నవ్వడం అక్కడికి వచ్చినవాళ్ల డ్యూటీ, కానీ ఆ నవ్వు డ్యూటీ నవ్వు కాదు. నాగోరావు కాక కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. పాఠక్ సాహెబ్ అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. ఎందుకు తవ్వాల్సి వచ్చిందో ఒక్క ముక్క చెబితే మంత్రి వినే మనిషి అక్కడ ఆయనొక్కరే. చెప్పలేదు. మంత్రిగారు నైరుతి మూలలో కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయారు.

ఆ రోజు సాయంత్రానికి నాగోరావు పాటిల్ పేరు పోయింది. విహీర్ పాటిల్ అయ్యాడు. బజారులో, బస్టాండులో, కాంటాల దగ్గర, పిల్లలు కూడా. కోపం వచ్చి నేను సాహెబ్‌ను అడిగాను, మీరెందుకు మాట్లాడలేదని.

"తాయీ, మంత్రి నవ్వుతున్నప్పుడు మట్టి గురించి మాట్లాడకూడదు," అన్నారు.

ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసని ఒప్పుకుంటాను.

ఆ గుంతలో మొరం పోసి దిమ్మిస కొట్టారు, గోదాము లేచింది. ఆ తర్వాత సంఘం ఎన్నికలు వచ్చాయి. ఎదుటి పక్షం వాళ్లు ఏ వాగ్దానమూ చేయలేదు. ఒక బావి బొమ్మ వేయించి గోడలకు అంటించారు, అంతే. నాగోరావు కాక ఓడిపోయాడు. గోదాము తలుపు పక్కన రాతి పలక మీద కొత్త అధ్యక్షుడి పేరు చెక్కించారు.

పాఠక్ సాహెబ్ మాత్రం ఆ గోదాముతో బాగుపడ్డారు. మధ్యలో ముగిసిపోయే పొరలను ఎలా లెక్కించాలి అని ఇంజనీర్ల సభలో ఉపన్యాసం ఇచ్చారు. తెర మీద నా మెష్ పెట్టారు. అందులో అక్కడక్కడ ఇంకా నాలుగైదు ఎర్ర ముక్కలు మిగిలి ఉండాలి, ఎంత ప్రయత్నించినా పోనివి. కనబడలేదు. తర్వాత తెలిసింది, ఎంత వంకర అయితే ఎర్రగా చూపించాలి అన్న హద్దును ఆయన పెంచేశారట. ముక్కలు అవే, వంకర అదే, రంగు మాత్రం ఆకుపచ్చ. శాలువా కప్పారు. ఫొటోలో నేనూ ఉన్నాను, చివరన, శాలువా అంచు దగ్గర.

కొత్తవాళ్లకు ఇక్కడొక మాట. తెర మీద ఆకుపచ్చ చూసి ఎప్పుడూ సంతోషించకండి. ఎవరు ఏ హద్దు పెట్టారో ముందు అడగండి. ముక్కలు ఎన్ని అని అడిగేవాడికి సంఖ్య చెప్పి పంపేయండి, ఎక్కడ పెట్టావు అని అడిగేవాడితో కూర్చుని టీ తాగండి. అలాంటివాళ్లు నాకు మొత్తం ఉద్యోగంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా తగల్లేదు. తగిలిన ఒకరికి బడి చదువు కూడా పూర్తిగా లేదు, ఆయన అడిగింది మెష్ గురించీ కాదు, మన్ను గురించి.

గోదాము ఎదురుగా

రిటైరయ్యాక ఒక పెళ్లికి ముఖేడ్ వెళ్లాను. దారిలో గోదాము ముందు ఆటో ఆపించాను. సోయాబీన్ వచ్చే రోజులు. ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎదురుగా టీ హోటల్‌లో బల్ల మీద నాగోరావు కాక కూర్చుని ఉన్నాడు. చాలా సన్నబడ్డాడు. నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగాడు.

"దా బిడ్డా, కూసో. ఏయ్, ఇగో ఒక చాయ్ తే, మా బిడ్డ అచ్చింది."

చాయ్ తాగి ఇద్దరం గోదాము లోపలికి వెళ్లాం. ఈశాన్యం మూలకు వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పైనుంచి కిందిదాకా గీత లేదు. నేల సమంగా ఉంది. ఒక వాన కాదు, ఎన్నో వానలు చూసిన గోడ అది. నా ఉద్యోగం మొత్తంలో నేను ఒక పనిని చేత్తో తడిమి చూసుకున్నది అదొక్కసారే.

"ఒక్క పగులు లేదు కాకా," అన్నాను.

"లేదు బిడ్డా. గదే నా కొంప ముంచింది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పగిలితె గద, పాటిల్ చెప్పింది నిజమే ఉండె అందురు? పగల్లేదాయె. ఇప్పుడు అందరు ఏమంటుండ్రు? మన్ను మంచిగనే ఉండె, ముసలోడు ఊకెనే బాయి తవ్విండు అంటుండ్రు."

నిజమే. సరిగ్గా చేసిన పనికి ఆనవాలు ఉండదు. కూలినవాటికి విచారణ కమిటీలు వేస్తారు, ఫొటోలు పేపర్లో వేస్తారు. కూలనివాటి దగ్గర బస్తాలు దించుకుంటారు. ఆ పొర అక్కడ ఉండేదని ఇప్పుడు గుర్తుపెట్టుకున్నవాళ్లం మేమిద్దరమే, పాఠక్ సాహెబ్‌ను మనిషి కింద లెక్కపెడితే ముగ్గురం.

"కాకా, నా దగ్గర ఆ మెష్ ఇంకా ఉంది. తవ్వకపోతే గోడ ఎట్ల పగిలేదో బొమ్మ తీసిస్తా. పెద్దగా అచ్చు వేయించి అందరికీ చూపెట్టు," అన్నాను.

ఆయన నవ్వాడు. చాలాసేపు నవ్వి, దగ్గు వచ్చి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"బొమ్మనెవడు నమ్ముతడు బిడ్డా? మీ సాహెబ్ ఎంత మంచి బొమ్మ చూపెట్టిండు. నేను నమ్మిన్నా?"

బయట హారన్ మోగింది. ఆయన కొడుకు ట్రాక్టర్ తెచ్చాడు, వాళ్ల చేలో సోయాబీన్. హమాలీలు మొదటి బస్తా వీపున వేసుకుని లోపలికి వచ్చి, ఎక్కడ దించాలని అడిగారు. గోదాము సగం ఖాళీగానే ఉంది, ఎక్కడైనా దించుకోవచ్చు.

నాగోరావు కాక మూల నుంచి పక్కకు తప్పుకుని వాళ్లకు దారి ఇచ్చాడు.

"ఈడ. ఈ మూలకే దించుండ్రి. గోడకు ఆనిచ్చి పెట్టుండ్రి," అన్నాడు.